స్ట్రాబెర్రీకి ఇల్లు కట్టే ముందు

ఆంధ్రప్రదేశ్‌లోని లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న గిరిజన ప్రాంతం. అక్కడ చలికాలంలో స్ట్రాబెర్రీ ఆరుబయటే పండుతుంది. కొండ చలే దానికి బలం.

మరి మన వరంగల్‌లో? చలిదేశాల్లో గ్రీన్‌హౌస్ కట్టేది వేడి ఆపుకోవడానికి. మనకు వేడికి కొదవేముంది? నాలుగు దిక్కులా ప్లాస్టిక్ మూస్తే మొక్క ఉడికిపోతది. పక్కలు తెరిచి ఉంచాలి, ఎండ ముదిరితే పైన నీడ వల కప్పాలి.

అక్టోబరులో కుండీల్లో నాటండి. ఆకులు పుట్టే మొవ్వు మట్టి పైకి కనపడాలి, పూడితే కుళ్లుతుంది. నీళ్లు నిలవొద్దు. కాయల కింద వరిగడ్డి పరిస్తే మట్టి అంటదు. తెరిచిన పక్కల నుంచి తేనెటీగలు వస్తాయి. అవి పూత మీద సరిగా వాలకుంటే కాయ వంకరపోతది.

కప్పు కొనే ముందు ఆలోచించండి: మొక్కకు కావాల్సింది వేడా, చల్లదనమా?