ఫోన్‌లో తీసుకున్న అప్పుకు ఏ చట్టం వర్తిస్తుంది?



క్రిందటి ఏడు ఒక రాత్రి, మన హాస్టల్‌లో చదివి ఇప్పుడు డిగ్రీ చేస్తున్న ఒక తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. స్కాలర్‌షిప్ రాలేదు. పరీక్ష ఫీజు కట్టాలి. ఇంట్లో అడిగే పరిస్థితి లేదు. ఫోన్‌లో ఒక లోన్ యాప్ వేసుకుని 3,000 రూపాయలు అప్పు అడిగాడు. చేతికి వచ్చింది 2,100. మిగతా 900 ఫీజు క్రింద ముందే కోసుకున్నారు. ఏడు రోజుల్లో 3,000 కట్టాలి. ఎనిమిదో రోజున అతని ఫోన్‌లోని నంబర్లన్నిటికీ "వీడు దొంగ" అని మెసేజ్‌లు వెళ్ళాయి. "అన్నా, ఇక తలెత్తుకుని తిరగలేను" అన్నాడు. ఆ గొంతు విని భయం వేసి అతని గదికి వెళ్ళాను. ఆ రాత్రి అక్కడే పడుకున్నాను.

నేను న్యాయశాస్త్రం చదివినవాణ్ణి. అయినా "వీళ్ళ మీద ఏ చట్టం పనిచేస్తుందన్నా?" అని అడిగితే వెంటనే చెప్పలేకపోయాను. తరువాత చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ముందు లెక్క చూద్దాం

మన ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటేనే ఎక్కువంటాం. ఆ లెక్కన 2,100 రూపాయలకు ఏడు రోజుల వడ్డీ సుమారు 15 రూపాయలు. యాప్ తీసుకున్నది 900. సంవత్సరానికి లెక్క కడితే అది నూటికి 2,200 పైమాటే. "చిన్న ఫీజే కదా" అనిపించడానికి కారణం గడువు చిన్నదిగా ఉండడమే.

అమెరికాలో ఏం జరిగింది?

ఇలాంటి అప్పును అక్కడ పేడే లోన్ అంటారు, అంటే జీతం వచ్చే రోజున తీర్చే అప్పు. వడ్డీ పరిమితి అక్కడ రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. యూటా రాష్ట్రంలోని క్విక్ పేడే అనే సంస్థ 2001 నుంచి 2005 మొదటి వరకు ఇంటర్నెట్ ద్వారా కాన్సస్ రాష్ట్రంలోని 972 మందికి 3,079 అప్పులు ఇచ్చింది. కాన్సస్ లైసెన్సు మాత్రం తీసుకోలేదు. "మా ఆఫీసు యూటాలో ఉంది, మీ చట్టం మాకెందుకు?" అన్నది వారి వాదన. 2008లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. కాన్సస్‌లో ఉన్నవారికి అప్పు ఇస్తే కాన్సస్ చట్టాన్ని పాటించాల్సిందే అని చెప్పింది. అంటే సంస్థ ఎక్కడ ఉన్నా, అప్పు తీసుకున్నవాడు ఉన్న చోటి చట్టం అతణ్ణి కాపాడింది.

మన దేశంలో

మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితా, 30వ అంశం ప్రకారం వడ్డీ వ్యాపారం రాష్ట్రాల పరిధిలోనిది. అందుకే తెలంగాణలో నిజాం నాటి 1349 ఫస్లీ మనీ లెండర్స్ చట్టం ఉంది. వడ్డీ వ్యాపారికి లైసెన్సు ఉండాలని అది చెబుతుంది. మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్ళ ఒత్తిడితో ఆత్మహత్యలు జరిగాయన్న వార్తలు వచ్చినప్పుడు, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. తరువాత దాన్ని చట్టం చేసింది.

కానీ 2022 మే 10న సుప్రీంకోర్టు, కేరళ, గుజరాత్ చట్టాలకు సంబంధించిన కేసులో, రిజర్వు బ్యాంకు వద్ద రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని తీర్పు ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు కూడా మన మైక్రోఫైనాన్స్ చట్టం విషయంలో ఇదే మాట చెప్పింది.

కాబట్టి యాప్ వెనుక ఉన్నది ఎవరో ముందు తెలుసుకోవాలి. రిజిస్టరైన కంపెనీ అయితే రిజర్వు బ్యాంకు నియమాలు వర్తిస్తాయి. రిజిస్ట్రేషన్ లేని వాడైతే పై తీర్పు వాడికి అండ కాదు, రాష్ట్ర చట్టం వర్తిస్తుంది. ఇక బెదిరింపు ఎవరు చేసినా నేరమే. భారతీయ న్యాయ సంహితలో 308వ సెక్షన్ బలవంతపు వసూలుకు, 351వ సెక్షన్ బెదిరింపుకు సంబంధించినవి. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు లోన్ యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు.

రిజర్వు బ్యాంకు నియమాలు

2022 సెప్టెంబరు 2న డిజిటల్ అప్పుల మీద మార్గదర్శకాలు వచ్చాయి. 2025 మే 8న వాటిని మరింత కట్టుదిట్టం చేశారు. ముఖ్యమైనవి ఇవి:

1. అప్పు డబ్బు కంపెనీ ఖాతా నుంచి నేరుగా మన ఖాతాలోకే రావాలి.
2. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపిన సంవత్సరపు రేటును ముందే చూపాలి.
3. యాప్ మన ఫోన్‌లోని నంబర్ల జాబితాను, ఫొటోలను చూడకూడదు.
4. తీసుకున్నాక కనీసం ఒక రోజులోపు అసలు, ఆ కాలానికైన వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడవచ్చు. ముందే తెలిపిన ఫీజు మాత్రం ఉంచుకోవచ్చు.
5. ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చు.

వసూలు కోసం ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తరువాత ఫోన్ చేయరాదని 2022 ఆగస్టులో మరొక ఉత్తర్వు కూడా ఉంది.

మనం చేయవలసినవి

యాప్ వేసుకునే ముందు కంపెనీ పేరును రిజర్వు బ్యాంకు జాబితాలో చూడండి. పేరే చెప్పని యాప్ జోలికి పోవద్దు. బెదిరిస్తే మెసేజ్‌లు చెరపకండి, స్క్రీన్ షాట్లు తీసి ఉంచండి. ఒక అప్పు తీర్చడానికి మరో యాప్‌లో అప్పు చేయకండి. 1930కి ఫోన్ చేయండి, దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. మనసు బాగోలేకపోతే టెలిమానస్ 14416 రాత్రింబవళ్ళూ పలుకుతుంది. అన్నిటికంటే ముందు వార్డెన్ సారుకో, ఒక సీనియర్‌కో చెప్పండి.

మేమిద్దరం మరునాడే స్టేషన్‌కు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాం. కొద్ది రోజులకు మెసేజ్‌లు ఆగిపోయాయి. తమ్ముడు అందరికంటే ఎక్కువగా భయపడింది వాళ్ళమ్మకు. ఆమెకు చదవడం రాదు. ఆ మెసేజ్‌ను పక్కింటి అమ్మాయితో చదివించుకుని కొడుక్కి ఫోన్ చేసి, "అప్పు సంగతి తరువాత, అన్నం తిన్నావా?" అని అడిగిందట. పోయిందనుకున్న పరువు ఎక్కడికీ పోలేదు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ఈ వార్షికోత్సవం రోజున తలా కొంత వేసి పరీక్ష ఫీజుల కోసం ఒక చిన్న నిధి పెడదాం. చట్టం ఆపద వచ్చాక పనికొస్తుంది. ఆ 3,000 రూపాయలు అన్నలమైన మన దగ్గరే దొరికితే తమ్ముళ్ళకు ఆ ఆపదే రాదు.