బొచ్చుకుక్కల పోషణము – ఫ్లీ పురుగుల నివారణము

గడచిన విద్యాసంవత్సరమున ఎనిమిదవ తరగతి విద్యార్థులను "మా యింటి జంతువు" అను శీర్షికపై వ్యాసము వ్రాయుమని కోరితిని. ఒక బాలుడు తన కుక్కను గూర్చి ఒక పుట చక్కగా వ్రాసి, ఒక మాట యొద్ద నిలిచిపోయి, నా బల్ల దగ్గఱకు వచ్చి, "సార్, తెళ్లుప్పూచ్చికి తెలుగులో ఏమి పేరు?" అని యడిగెను. నాకు వెంటనే తోచలేదు. సాయంకాలము మా తల్లిగారి నడుగగా "పేను" అనిరి. ప్రక్కయింటి రైతు "పిడుదు" అనెను. పశువైద్యుడు "ఫ్లీ" అని ఇంగ్లీషు మాట చెప్పెను. ఇవి ఒకే పురుగునకు మూడు పేర్లు కావు. మూడు వేఱువేఱు ప్రాణులు.

మాట తెలియకపోవుట చిన్న సంగతియే. పురుగు ఏదో తెలియక చేయు వైద్యము మాత్రము ఎంత కీడు తెచ్చునో నేను నా యింటనే చూచితిని. మన పిల్లలు సెల్‌ఫోనులో చూచి పెద్ద బొచ్చుకుక్క కావలెనని మారాము చేయుచున్న దినము లివి. తిరువళ్ళూరు, తిరుత్తణి వీథులలో సైబీరియా హస్కీలు, గోల్డెన్ రిట్రీవర్లు, పొడుగు బొచ్చు జర్మన్ షెపర్డులు కనబడుచున్నవి. కావున ఈ పాఠము పిల్లలకంటె తల్లిదండ్రులకే యెక్కువ అవసరమని తలచి వ్రాయుచున్నాను.

ముందుగా పురుగులను గుర్తింతము. పేను వెండ్రుకను పట్టుకొని మెల్లగా ప్రాకును. దాని ఈరులు వెండ్రుకకే అంటియుండును. కుక్కపేను మనుష్యుల తలలో కాపురము చేయదు. పిడుదునకు ఎనిమిది కాళ్లు. దీనినే తమిళమున ఉణ్ణి యందురు. చెవులలోను, కాలివ్రేళ్ల సందులలోను కఱచిపట్టుకొని, రక్తము త్రాగి ఆముదపు గింజవలె ఉబ్బును. ఇది కుక్కలకు ప్రాణాంతకమైన జ్వరములను తెచ్చును గనుక దీనిని తేలికగా తీసికొనరాదు. ఇక ఫ్లీ. తెళ్లుప్పూచ్చి యనగా ఇదియే. నువ్వుగింజకంటె చిన్నది, ముదురు గోధుమరంగు, రెక్కలు లేవు, ఆరు కాళ్లు, ప్రక్కలనుండి అదిమినట్లు పలుచని దేహము. అందువలన వెండ్రుకల నడుమ చేపవలె జారిపోవును. పట్టబోయిన ఎగిరి దూకును.

బొచ్చుకుక్కపై పురుగు కంట బడుటయే కష్టము. దాని జాడ చూచుట సులభము. సన్నపండ్ల దువ్వెనతో నడుము వెనుకభాగమున, తోక మొదట దువ్వి, రాలిన నల్లని పొడిని తడిసిన తెల్లగుడ్డపై వేయుడు. మట్టియైనచో మట్టిరంగే నిలుచును. ఎఱ్ఱగా, తుప్పువలె వ్యాపించినచో అది ఫ్లీ విసర్జించిన రక్తము. ఇంతకు మించిన పరీక్ష అక్కఱలేదు.

ఇక మా యింటి కథ. చెన్నపట్టణమున నున్న మా బావమఱది ఉద్యోగరీత్యా దూరదేశమునకు పోవుచు తన గోల్డెన్ రిట్రీవరును మాకు అప్పగించెను. వర్షములు మొదలైన తరువాత అది రేయింబవళ్లు గోకుకొనసాగెను. మా చిన్నవాని చీలమండల చుట్టును ఎఱ్ఱని దద్దురులు లేచినవి. దోమలని తలచి మేము వాని మంచమునకు దోమతెర కట్టితిమి. తెర కట్టినను దద్దురులు తగ్గలేదు. ఫ్లీ ఎక్కువగా మోకాలి క్రిందనే కఱచునని నాకు అప్పుడు తెలియదు. ఒకనాడు కుక్క పొట్టపై పురుగు కనబడెను. "పిడుదులకు ఇదే మందు" అని ఒకరు చెప్పిన మాట నమ్మి, చెఱకుతోటకు కొట్టగా మిగిలిన పురుగుమందును నీళ్లలో కలిపి నా చేతులతోనే దానికి స్నానము చేయించితిని.

గంట గడువకముందే నోట చొంగ కాఱ నారంభించెను. కండలు అదరెను, కనుపాపలు సూదిమొనలంత యయ్యెను, వెనుకకాళ్లు నిలువలేదు. ఆటోలో వేసికొని పశువుల ఆసుపత్రికి పరుగెత్తితిమి. వైద్యుడు చేతితొడుగులు వేసికొని ముందుగా దేహమంతయు సబ్బునీటితో కడిగించి, అట్రోపిన్ సూదులు వేసెను. రెండు రాత్రులు పిల్లవాడు నిద్రపోలేదు. మూడవనాడు కుక్క లేచి పెరుగన్నము తినెను. "ఇంత బొచ్చు మందును పీల్చుకొనును, అది నాకుకొనును. ఇంకొక గంట ఆలస్యమైనచో నేను చేయగలది లేకుండెడిది" అని మాత్రము వైద్యుడు చెప్పెను. ఇంతటి ప్రమాదము జరిగినను, పదునైదు దినములకు పురుగులు మరల వచ్చినవి.

ఎందుకు వచ్చినవో వివరించుటయే ఈ పాఠమునకు ముఖ్యము. మనము కుక్కపై చూచు పెద్ద పురుగులు మొత్తము ఫ్లీ సంతతిలో నూటికి సుమారు 5 మాత్రమే. మిగిలిన 95 పాళ్లు గ్రుడ్లుగా, లార్వాలుగా, గూళ్లుగా ఇంటిలో నుండును. ఆడపురుగు దినమునకు 20 మొదలు 50 వఱకు గ్రుడ్లు పెట్టును. పేను ఈరువలె అవి వెండ్రుకకు అంటుకొనవు. నున్నగా నుండి, కుక్క దులుపుకొన్నచోట నెల్ల రాలిపోవును. గ్రుడ్డునుండి వచ్చిన సన్నని తెల్లపురుగు వెలుతురును సహింపక చాప క్రిందికి, మంచము మూలకు, గచ్చు పగుళ్లలోనికి, మెట్ల క్రింది దుమ్ములోనికి చేరును. పెద్దపురుగులు విసర్జించిన ఎండిన రక్తమే దానికి ఆహారము. తరువాత పట్టుపురుగువలె గూడు అల్లుకొనును. ఆ గూటికి దుమ్ము అంటుకొనుటచే కంటికి ఆనదు, మందు లోనికి పోదు. వెచ్చదనము, తేమ అనుకూలించినచో గ్రుడ్డు మొదలు పెద్దపురుగు వఱకు రెండు మూడు వారములలో ముగియును. అనుకూలింపనిచో గూటిలోని పురుగు నెలల తరబడి వేచియుండును. అడుగుల అదురు, దేహపు వేడి, ఊపిరిగాలి తగిలినంతనే గూడు చీల్చుకొని దూకును.

వేసవి సెలవులలో ఇల్లు తాళము వేసి ఊరికి పోయి, జూన్ నెలలో తలుపు తీసినంతనే కాళ్లపైకి పురుగులు ఎగురుటకు కారణ మిదియే. "కుక్క మాతోనే వచ్చినదే, ఇంటిలోనికి పురుగు ఎట్లు వచ్చినది?" అని పలువురు ఆశ్చర్యపడుదురు. అది రాలేదు, వేచియున్నది.

కనుక వైద్యము కుక్కకు ఎంతయో ఇంటికి నంతయు కావలెను. దినదినము మూలమూలలు ఊడ్చి, ఆ చెత్తను ఇంటి దగ్గఱ నుంచక సంచిలో మూటకట్టి పాఱవేయవలెను. కుక్క పడుకొను పాతచీర, గోనెపట్టా వారమున కొకసారి వేడినీట ఉతికి ఎండలో వేయవలెను. మన ప్రాంతపు ఎండను మనము నిందించుటయే గాని, ఈ విషయమున అది మనకు గొప్ప ఉపకారి. లార్వాలు ఎండకు, పొడిగాలికి నిలువలేవు. పెరటిలో కుక్క పడుకొను నీడపట్టు తేమ ఇసుకయే వాని కోట. దానిని తిరుగవేసి ఎండ తగులనిండు. ఇంకొక సంగతి: ప్రపంచమున కుక్కలపై విరివిగా కనబడు ఫ్లీకి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు పిల్లి ఫ్లీ. గోడదూకి వచ్చు పిల్లియు, వీథికుక్కయు దీనిని తెచ్చిపెట్టగలవు.

కుక్కకు వేయు మందు పశువైద్యుడు దాని బరువు తూచి చెప్పవలసినది. ఫిప్రోనిల్ వంటి చుక్కల మందును భుజముల నడుమ వెండ్రుకలను పాయదీసి చర్మముపైననే వేయవలెను. బొచ్చుపై వేసినచో సొమ్ము బొచ్చు పాలగును. దానికి ముందు వెనుక రెండేసి దినములు స్నానము కూడదు. మాత్రలు కలవు: అఫోక్సోలనేర్ నెల కొకటి, ఫ్లూరలనేర్ సుమారు పండ్రెండు వారముల కొకటి. మూర్ఛ వచ్చు కుక్కకు ఇవి ఈయక ముందే ఆ మాట వైద్యునితో చెప్పవలెను. కోలీ జాతివానిలో పెక్కింటికి ఐవర్‌మెక్టిన్ ఎక్కువ మోతాదున విషమగును. దీనికి కారణమైన జన్యులోపమును 2001లో కనుగొనిరి. పెర్మెత్రిన్ కుక్కలకు వాడుదురు గాని పిల్లులను చంపును. రెండునెలలు నిండని పిల్లలకు మందుకంటె సన్నదువ్వెనయే మేలు. ఏ మందైనను మూడు నెలలు విడువక సాగింపవలెను. గూళ్లలో మిగిలినవి వెలువడుచునే యుండును గనుక మొదటి నెలలో పురుగు కనబడినంత మాత్రమున మందు పనిచేయలేదని మానరాదు. మేము మూడవ నెల చివరకు గాని పూర్తిగా విముక్తులము కాలేదు.

ఇంటింట వినబడు వైద్యములను గూర్చి రెండు మాటలు. కిరసనాయిలు చర్మమును కాల్చును, నాకినచో ఊపిరితిత్తులను చెఱచును. పొగాకు కషాయము, కర్పూరము, నాఫ్తలీన్ ఉండలు విషములే. వెల్లుల్లి తినిపించినచో పురుగు పోవునని కొందఱందురు. పురుగు పోదు, కుక్క రక్తకణములు నశించును. ఉల్లియు అట్టిదే, సాంబారన్నము పెట్టువారు ఈ మాట గమనింతురు గాక. వేపాకు కాచి చల్లార్చిన నీరు దురదకు కొంత ఉపశమనము నిచ్చును. దానిని మందని మాత్రము అనలేను. వేపపై మన వారికి గల భక్తి నాకును కలదు.

పిల్లల విషయమున భయపడవలసినది ఎంత? కుక్కలలో బద్దెపురుగు ఒకటి ఫ్లీ మూలముగా వ్యాపించును. కుక్క గోకుకొనుచు ఫ్లీని మ్రింగినచో కడుపులో బద్దెపురుగు పెరుగును. దోసగింజలవంటి తునకలు మలద్వారము దగ్గఱ కనబడును. నేలపై ఆడుకొను పసిబిడ్డ పొరపాటున ఫ్లీని మ్రింగినచో ఆ బిడ్డకును రావచ్చును. వైద్యుడిచ్చు మాత్రతో పోవునదే. మా తల్లిగారు "ప్లేగు రాదు కదా?" అని యడిగిరి. ప్లేగు ఎలుకల ఫ్లీ ద్వారా వ్యాపించునని ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సిమాండ్ 1898లో కరాచీలో పరీక్షించి చూపెను. అది వేఱొక జాతి ఫ్లీ. మన కుక్కను చూచి ఆ భయము పెట్టుకొన నక్కఱలేదు.

ఇంత బాధకు మూలమైన ఆ బొచ్చు దోషము కాదు. హస్కీ మంచునేలలలో బండి లాగినది. సెయింట్ బెర్నార్డు ఆల్ప్స్ కనుమలో మఠవాసులతో నుండి దారితప్పినవారిని వెదకినది. వానికి రెండు పొరల వెండ్రుకలు: పైన పొడుగు ముతక వెండ్రుకలు, లోన దూదివంటి నూగు. రాలిన నూగు లోపలనే చిక్కుకొన్నచో గాలి ఆడదు, ఫ్లీకి మేడ కట్టియిచ్చినట్లగును. కనుక దినము విడిచి దినమైనను పాయలు తీసి చర్మము కనబడు వఱకు దువ్వవలెను. చెవుల వెనుక, చంకలలో, తొడల వెనుక జడలు కట్టును. వానిని కత్తిరించునపుడు చర్మమునకు కత్తెరకు నడుమ దువ్వెన నుంచుడు. మూడు నాలుగు వారముల కొకసారి కుక్కల షాంపూతో స్నానము చాలును. ఐప్పసి, కార్తిక మాసముల వానలలో తడిసినపుడు లోనిపొర ఆఱు వఱకు తుడువవలెను; లేనిచో చర్మము చీము పట్టును.

వేసవిలో జాలిపడి నున్నగా గొఱిగించువారు కలరు. పొట్టక్రింద, పాదములలో కొంచెము తగ్గించుట మంచిదే. చర్మము వఱకు గొఱిగినచో ఎండ నేరుగా కాల్చును, కొన్నింటికి మరల సరిగా మొలవదు. మనవలె కుక్కకు దేహమంతయు చెమట పట్టదు. రొప్పుటయే దాని చల్లదనము. మే నెలలో 40 డిగ్రీలు దాటుట తిరుత్తణికి అలవాటు. అప్పుడు ఉదయము ఏడు గంటల లోపలను, ప్రొద్దుగ్రుంకి నేల చల్లారిన పిమ్మటను మాత్రమే నడిపింపవలెను. తారురోడ్డుపై మీ అరచేయి ఏడు సెకనులు నిలువనిచో దాని పాదమును నిలువదు. కుక్క దేహోష్ణము మామూలుగా 101 మొదలు 102.5 ఫారెన్‌హీటు వఱకు. 104 దాటి, నాలుక ముదురు ఎఱుపెక్కి, తూలినచో చన్నీళ్లు పోయుచు, గాలి తగులనిచ్చుచు వెంటనే ఆసుపత్రికి చేర్పుడు.

1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. పశువైద్య విషయమున మాత్రము మనకు ఇరుదిక్కుల దారియు మిగిలియే యున్నది: ఒక ప్రక్క వేపేరిలో 1903లో స్థాపించిన మద్రాసు పశువైద్య కళాశాల, మఱొక ప్రక్క తిరుపతిలో 1955లో నెలకొన్న పశువైద్య కళాశాల. స్థానిక వైద్యుడు పొమ్మన్నచో జంకక పోవచ్చును.

ఇంతసేపు దువ్వుటకు తీరిక లేనివారు పిల్లల మారామునకు లొంగకుందురు గాక. ఈ నేలకు పుట్టిన రాజపాళయము కుక్కయు కలదు. పొట్టివెండ్రుకలది, ఎండ కోర్చునది. భారత తపాలాశాఖ 2005లో దాని బొమ్మతో బిళ్ల కూడ వెలువరించినది.

సెలవులకు ఊరికి పోవువారు తిరిగివచ్చిన దినమున కుక్కను, పసిపిల్లలను వాకిటనే నిలిపి, పెద్దవా రొకరు ముందు లోనికి పోవుడు. తెల్లని పొడుగు మేజోళ్లు తొడిగికొని గదిగదికి తిరిగినచో దూకిన పురుగులు వానిపై నల్లగా కనబడును. వానిని సబ్బునీళ్ల గిన్నెలో దులుపవలెను. తరువాత ఇల్లంతయు ఊడ్చి, కడిగి, పరుపులు చాపలు మిద్దెపై ఎండవేసి, ఆనాడే కుక్కకు ఆ నెల మందు ఈయవలెను. మఱునాడును, ఆ మఱునాడును ఊడ్చుట మానరాదు. ఈ జూన్‌లో మా యింట మేజోళ్లు తొడిగికొన్నవాడు మా చిన్నవాడే. ఇప్పుడు పెద్దవా రొకరు నేనే యని పట్టుపట్టెను. ఏడు పురుగులు లెక్కపెట్టి తెచ్చెను.