దంతవైద్యుని సూదియు, చిగురుకు పూయు మందును

గడచిన సంవత్సరము మా తరగతిలోని యొక బాలుడు చెక్కిలి వాచి, వారము దినములు దానిని చేతిరుమాలుతో కప్పుకొని కూర్చుండెను. పంటినొప్పి కంటె దంతవైద్యుని సూదియే వానికి భయంకరముగ దోచినదట. వానివంటివారు మనలో ననేకులు గలరు గనుక ఈ పాఠమును వ్రాయుచున్నాను.

బాలబాలికలారా, నొప్పి యను వార్తను మెదడునకు గొనిపోవునవి నరములు. వానిలోనికి సోడియము కణములు చొచ్చినప్పుడే ఆ వార్త ముందుకు సాగును. మత్తుమందు ఆ ద్వారములను కొంతసేపు మూసివేయును. మత్తుమందని వాడుకయే గాని దీనివలన నిద్ర రాదు. పూసిన చోటు మాత్రము మొద్దుబారును. 1884లో వియన్నా నగరమున కార్ల్ కోలర్ అను వైద్యుడు కొకెయినుతో కంటిని మొద్దుబరచవచ్చునని చూపెను. అది వ్యసనము గలిగించునది. 1943లో స్వీడను దేశస్థుడైన నీల్స్ లోఫ్‌గ్రెన్ లిడొకెయినును తయారుచేసెను. నేడు పంటి సూదిలో విరివిగా వాడునది ఇదియే.

సూదికి ముందు చిగురుకు లిడొకెయిను గాని బెంజొకెయిను గాని జెల్లుగా పూయుదురు. చిగురును మొదట దూదితో తుడిచి ఆరబెట్టవలెను. లేనియెడల మందు ఉమ్మిలో కలిసి గొంతులోనికి పోవును. పిదప ఒకటి రెండు నిమిషము లాగవలెను. ఈ రెండు నిమిషముల యోపికయే అసలు మందని నా యభిప్రాయము. అయినను ఈ జెల్లు రెండు మూడు మిల్లీమీటర్లకు మించి లోనికి దిగదు. అంగిలిపై దీని బలము మరియు తక్కువ. కావున వైద్యుడు సూదిమందును మెల్లమెల్లగా నెక్కింపవలెను. రెండేండ్లు నిండని శిశువులకు బెంజొకెయిను తగదు. అరుదుగానైనను అది రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని చెరచును.

తలిదండ్రులకు ఒక మాట. అల్లరి మాన్పుటకు "సూది వేయింతు"నని బెదరించి, తుదకు ఆస్పత్రి వాకిట "నొప్పియే యుండ"దనిన బిడ్డ యెట్లు నమ్మును? సూది పిమ్మట రెండు మూడు గంటలు పెదవి మొద్దుబారియుండును. బిడ్డ దానిని కొరుకుకొనకుండ కనిపెట్టుడు.

చీము పట్టినచోట ఆమ్లత్వము హెచ్చి మత్తుమందు చక్కగా పనిచేయదు. మా బాలుడు సూదికి జడిసి దాచిన వారము దినములు వాని నొప్పినే పెంచినవి. వైద్యుడు ముందు వాపు తగ్గించి, తరువాత పన్ను తీసెను. సూది యెట్లుండెనని యడిగితిని.

"సూది సంగతి తెలియలేదండీ, మాష్టారూ. ఆ పూసిన మందే చేదు" అనెను.