ఒక్కరే విమానం ఎక్కుతున్నారా? సందేహాలు – సమాధానాలు

ఈ విడత ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే వైపు నుంచి వచ్చాయి. పెనుగంచిప్రోలు, జగ్గయ్యపేట, నందిగామ, వత్సవాయి. రాసినవాళ్లు పిల్లల దగ్గరికో పురుళ్లకో వెళ్తున్నవాళ్లు కాదు, ఊళ్లు చూసి రావడానికి ఒక్కరే బయల్దేరుతున్నవాళ్లు. అందరి భయమూ తెలియని నగరం గురించే. నేను చూసినంతలో నగరం పెట్టే ఇబ్బంది తక్కువ, కాగితాలూ పెట్టెలో సర్దుకున్న పొట్లాలూ పెట్టేదే ఎక్కువ. అందుకని వాటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాను.

నాకు 61 ఏళ్లు. టీచరుగా రిటైరయ్యాను. మావారు పోయారు. సింగపూర్ ఒక్కదాన్నే వెళ్లి ఆరు రోజులు చూసి రావాలని ఉంది. అమెరికాలో ఉన్న పిల్లలు ‘ఒక్కదానివే ఎందుకమ్మా, మేం వచ్చాక చూద్దాంలే’ అంటున్నారు. ఈ వయసులో ఇది పిచ్చి కోరికంటారా?
– ఒక పాఠకురాలు, పెనుగంచిప్రోలు

పిచ్చి కాదమ్మా. మొదటిసారి ఒంటరిగా వెళ్లేవాళ్లకి నేను చెప్పే ఊరినే మీరు ఎంచుకున్నారు. అక్కడి నాలుగు అధికార భాషల్లో తమిళం ఒకటి, బోర్డులు ఇంగ్లిష్‌లో ఉంటాయి, ఉక్కపోత మనకి అలవాటైనదే. సెరంగూన్ రోడ్డు దగ్గర్లో గది తీసుకుంటే 1855లో మొదలైన శ్రీనివాస పెరుమాళ్ గుడికి నడిచి వెళ్లొచ్చు. ఇడ్లీ, భోజనం ఆ చుట్టుపక్కలే దొరుకుతాయి. 1975 నుంచి సింగపూర్ తెలుగు సమాజం కూడా ఉంది. వీసా గుర్తింపు ఉన్న ఏజెంటు ద్వారానే తీసుకోండి. చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపే అరైవల్ కార్డు ఉచితం, దానికి డబ్బడిగే సైటు కనబడితే మూసెయ్యండి.

పిల్లలతో వాదన పెట్టుకోకండి. హోటల్ చిరునామా, ఫ్లైట్ నంబరు, ఇన్సూరెన్స్ కాగితం వాట్సాప్‌లో పంపి, రోజూ ఫలానా వేళకి ఫోన్ చేస్తానని చెప్పండి. సగం గొడవ అక్కడే సద్దుమణుగుతుంది. ప్రయాణానికి ముందు రెండు మూడు రాత్రులు నిద్ర పట్టకపోవడం మామూలే. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, గుండెల్లో బరువు ఉంటే మాత్రం టికెట్ కన్నా ముందు డాక్టరు.

నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. పేరొక్కటే ఉంది. దుబాయ్ వెళ్లనివ్వరని ఏజెంటు అంటున్నాడు. నిజమేనా? గుండెల్లో రాయి పడినట్టుంది.
– జగ్గయ్యపేట

కంగారు పడకండి, మన వైపు ఈ ఇబ్బంది చాలామందికి ఉంది. ఇంటిపేరుని పొడి అక్షరంగా రాసుకుని బతికేశాం, పాస్‌పోర్టుకొచ్చేసరికి గడి ఖాళీ అయింది. 2022 నవంబరు నుంచి యూఏఈ వాళ్లు ఇలా ఒకే పేరున్న పాస్‌పోర్టుతో టూరిస్టు, విజిట్ వీసాల మీద రానివ్వడం లేదు. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే సడలింపు ఉంటుందని తర్వాత చెప్పారు, కాబట్టి ముందు ఎయిర్‌లైన్స్‌ని అడగండి. శాశ్వత పరిష్కారం విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ఇంటిపేరు చేర్చి రీఇష్యూ చేయించుకోవడం. 36 పేజీల పుస్తకానికి ఫీజు 1,500 రూపాయలు. కొత్తది చేతికొచ్చాకే టికెట్ కొనండి. టికెట్ మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు వేరుగా ఉండకుండా చూసుకోవడమే అసలు జాగ్రత్త.

ఎనిమిదో తరగతితో ఆపేసి మిరప సాగు చేసుకుంటున్నాను. వయసు 47. నా పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంది. బ్యాంకాక్ చూడాలని ఉంది. శంషాబాద్‌లో ఆపేస్తారా?
– నందిగామ దగ్గరి రైతు

అది మచ్చ కాదండి. పది పాసవని వాళ్లు పనికోసం కొన్ని దేశాలకి వెళ్లేటప్పుడు మోసపోకుండా సర్కారు పెట్టిన కాపలా. ఆ 18 దేశాల్లో థాయిలాండ్ ఉంది, అయితే అనుమతి కావాల్సింది ఉద్యోగానికి వెళ్లేవాళ్లకే, ఊరు చూడ్డానికి వెళ్లేవాళ్లకి కాదు. కౌంటర్లో నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడగొచ్చు. తిరుగు టికెట్టు, హోటల్ బుకింగు, ఖర్చులకి డబ్బు చూపించండి. యాభై దాటాక ఈ ముద్ర అవసరం కూడా ఉండదు.

ఒక్క చోట మాత్రం ఆగి ఆలోచించండి. ‘టూరిస్టుగా దిగు, అక్కడ ఉద్యోగం చూపిస్తాం’ అని ఎవరన్నా అంటే వెళ్లొద్దు. అలా బ్యాంకాక్‌లో దింపి మయన్మార్, కంబోడియాల్లోని సైబర్ మోసాల ముఠాలకి అప్పగించిన కేసులు మన రాష్ట్రం వాళ్లవే ఉన్నాయి. ఈ మాట మీ ఊళ్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కుర్రాళ్లకి కూడా చెప్పండి.

యూరప్‌లో మన తిండి దొరకదంటున్నారు. మా అత్తయ్య ఆవకాయ, నెయ్యి, కూరల మసాలా పొడి, ఎండుకొబ్బరి కారం అన్నీ కట్టి ఇస్తానంటోంది. దారిలో దుబాయ్‌లో రెండు రోజులు ఆగుతాను. ఏమన్నా ఇబ్బందా?
– వత్సవాయి

ఆవకాయకి దిగులు లేదు. గట్టిగా సీలు చేయించి పెద్ద పెట్టెలో వేయండి. చేతి సంచిలో పెడితే 100 మిల్లీలీటర్ల నిబంధన కింద తీసి పక్కన పెట్టేస్తారు. ఎండుకొబ్బరి చిప్పలు పెట్టుకోవద్దు. వాటిలో నూనె ఎక్కువ, నిప్పంటుకునే సరుకుగా లెక్క, విమానాల్లో నిషేధం. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి నుంచి తెచ్చుకున్న కొబ్బరి ముక్క అయినా ఎండితే అంతే. కారంలో దంచి కలిపేసినా సరే, ఎందుకొచ్చిన తంటా, అది ఇంట్లోనే ఉంచండి. యూరప్‌లోకి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లనివ్వరు కాబట్టి నెయ్యి, కోవా కూడా వద్దు.

ఇక మసాలా పొడి. అందులో గసగసాలు ఉన్నాయేమో అత్తయ్యగారిని అడగండి. మనకది కూరలో చిక్కదనం. యూఏఈలో, సౌదీలో, సింగపూర్‌లో అది నల్లమందు మొక్క గింజ, మత్తుపదార్థాల చట్టం కిందికి వస్తుంది. ‘తెలియదండీ, వంటకి’ అంటే విడిచిపెడతారన్న నమ్మకం పెట్టుకోవద్దు, జైలు దాకా వెళ్లే వ్యవహారం. ఈ పేజీలో నేను నిజంగా భయపడమని చెప్పేది దీని గురించే. గసగసాలు లేకుండా వేరే రోట్లో కొట్టించుకోండి, లేదా పొడి మానేసి చేతిలో నాలుగు కారప్పూస పొట్లాలతో వెళ్లండి. పది రోజులకి ఏం కాదు.

నాకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు ఏదో అడిగితే నోరు పెగలదేమోనని భయం.
– ఓ కిరాణా వ్యాపారి, పెనుగంచిప్రోలు

వాళ్లు మీ ఇంగ్లిష్‌కి మార్కులెయ్యరు. ఎందుకొచ్చారు, ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటారు – సాధారణంగా ఈ మూడే. టూరిజం, టెన్ డేస్, హోటల్ కాగితం చూపించడం, అంతే. వేలిముద్రలు తీసుకోవడం, ఒక్కోసారి పక్కగదిలో కూర్చోబెట్టడం కూడా మామూలే, నేరం చేసినట్టు కాదు. అడిగినదానికే జవాబివ్వండి. మన బస్టాండులో లాగా మాట కలపబోయి ‘ఏదన్నా వ్యాపారం ఉందేమో చూద్దామని’ అనకండి. ఆ ఒక్క మాటతో అరగంట ఆలస్యం.

పారిస్, రోమ్ పది రోజులు చూడాలనుకుంటున్నాను. నా స్నేహితుడికి వీసా కొట్టేశారు. ఒకసారి తిరస్కరిస్తే జీవితాంతం అంతేనా? నేను సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాను, జీతం కూడా పెద్దది కాదు.
– జగ్గయ్యపేట

అంతే ఏం కాదు. తిరస్కరించిన కాగితంలోనే కారణం ఉంటుంది, దాన్ని సరిచేసుకుని మళ్లీ పెట్టుకోవచ్చు. షెంగెన్ వీసా ఒక్కటి తీసుకుంటే 29 దేశాలు తిరగొచ్చు. ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి దరఖాస్తు చేయాలి, సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. 2024 జూన్ నుంచి ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

జీతం తక్కువ కావడం కన్నా, దరఖాస్తుకి వారం ముందు ఖాతాలో ఎక్కడి నుంచో నాలుగు లక్షలు వచ్చి పడటం ఎక్కువ చెడు చేస్తుంది. నెలనెలా పడే జీతం, ఫ్యాక్టరీ ఇచ్చిన సెలవు లెటరు, మీరే రాసిన రోజువారీ ప్రణాళిక, వీటిలో నిజం కనబడుతుంది. పాత తిరస్కరణ దాచమనో, దొంగ బ్యాంకు స్టేట్‌మెంటు తెస్తాననో అనే ఏజెంటు దగ్గర్నుంచి లేచి వచ్చెయ్యండి.

లండన్‌లో భూగర్భ రైళ్లలో దారి తప్పితే? ఊహించుకుంటేనే కాళ్లూ చేతులూ ఆడటం లేదు.
– ఒక బ్యాంకు ఉద్యోగిని, నందిగామ

తప్పుతారు. మొదటి రోజు అందరూ తప్పుతారు. అది 1863లో మొదలైన రైలు, ఆ ఊళ్లోనే పుట్టిపెరిగినవాళ్లు కూడా తప్పు ప్లాట్‌ఫాం ఎక్కుతుంటారు. తర్వాతి స్టేషన్లో దిగి ఎదురు ప్లాట్‌ఫాం నుంచి వెనక్కి రండి. గేటు దాటి బయటికి వెళ్లనంతవరకూ మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకే కార్డు తాకించాలి, మధ్యలో ఫోను, తర్వాత కార్డు అని మార్చకూడదు. రోజుకింత దాటి వసూలు చెయ్యకుండా పరిమితి కూడా ఉంటుంది.

బ్రిటిష్ మ్యూజియం వదలొద్దు, ప్రవేశం ఉచితం. 33ఎ గదిలో మీ కృష్ణ ఒడ్డు రాళ్లున్నాయి: అమరావతి స్తూపం శిల్పాలు. 1840లలో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి కొన్నేళ్లకి ఓడ ఎక్కి, 1880లో ఆ మ్యూజియానికి చేరాయి. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన పూర్ణకుంభాలు, ఏనుగులు, గుంపులుగా మనుషులు. అద్దానికి ముక్కు ఆనించి ఒక స్త్రీ జడ చూడండి, చాలాసేపు పడుతుంది. నన్నడిగితే ఆ పూట ఇంకేం పెట్టుకోవద్దు. వెళ్లేముందు ఆ గది తెరిచి ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఇదే జాతి శిల్పాలు మీ జగ్గయ్యపేట స్తూపంలోనూ దొరికాయి. వాటిలో పేరున్న చక్రవర్తి ఫలకం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. దానికి పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు.

చేతిలో ఎంత డబ్బు పెట్టుకోవాలి? కార్డు పనిచెయ్యకపోతే పరాయి దేశంలో గతేంటి?
– గుడి దగ్గర దుకాణదారు, పెనుగంచిప్రోలు

రెండు కార్డులు, కొంచెం నగదు, మూడూ మూడు చోట్ల పెట్టుకోండి, దారి మూసుకుపోదు. మన రూపాయలు 25,000 వరకూ, విదేశీ నోట్లు 3,000 డాలర్ల విలువ వరకూ వెంట తీసుకెళ్లొచ్చు. అంత నగదు మోయాల్సిన పని లేదు. బిల్లు మెషీను ‘రూపాయల్లోనా, ఇక్కడి డబ్బులోనా’ అని అడిగితే అక్కడి డబ్బే నొక్కండి. రూపాయలు అంటే వాళ్లకి నచ్చిన రేటు వేస్తారు. ఓటీపీ రావడానికి మన సిమ్ము ఫోన్లోనే ఉండాలి, రోమింగు ఆన్ చేయించుకుని వెళ్లండి.

పారిస్, రోమ్, బార్సిలోనాల్లో జేబుదొంగలు ఎక్కువట. పాస్‌పోర్టు పోతే అక్కడే ఉండిపోవాలా?
– చిల్లకల్లు

ఉండిపోనక్కర్లేదు. పోలీసు రిపోర్టు తీసుకుని భారత రాయబార కార్యాలయానికి వెళ్తే, ఇంటికి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. రెండు మూడు రోజులు, కొంత ఖర్చు, బోలెడు చిరాకు, అంతే. తిరుపతమ్మ పెద్ద తిరునాళ్లలో మీరు గొలుసు ఎలా కాచుకుంటారో మెట్రో తలుపుల దగ్గర ఫోను అలా కాచుకోండి. మోమార్త్ర్ గుట్ట దగ్గర చేతికి దారం కడతామని వచ్చేవాళ్లని, సంతకం పెట్టమని అట్ట చూపించేవాళ్లని ఆగకుండా దాటిపోండి, మర్యాద తప్పినట్టేం కాదు. పాస్‌పోర్టు గదిలో పెట్టెలో భద్రంగా ఉంచి, జిరాక్సు వెంట తిప్పండి.

షుగరుకి ఇన్సులిన్ వేసుకుంటాను. పోయినసారి విమానం దిగేసరికి పాదాలు బూరెల్లా ఉబ్బాయి. మళ్లీ ఎక్కాలంటే భయం.
– నందిగామ

ఎనిమిది గంటలు కూర్చుంటే రెండు పాదాలూ కాస్త ఉబ్బడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. గంటకోసారి లేచి నడవండి, నీళ్లు తాగండి. ఒక్క కాలే ఉబ్బి, పిక్కలో నొప్పి, వేడి ఉంటే, లేదా ఊపిరి అందకపోతే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇన్సులిన్ డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే. కింద సామాను గదిలో గడ్డకట్టి పాడవ్వొచ్చు.

టోక్యో ఎంతో ఇష్టపడి వెళ్లాను. మూడో రోజు సాయంత్రం హోటల్ గదిలో కూర్చుని ఏడ్చేశాను. ఎందుకో తెలియదు. నాలో ఏదైనా లోపమా?
– జగ్గయ్యపేట అమ్మాయి, హైదరాబాద్‌లో ఉద్యోగం

లోపం లేదమ్మా. రెండో రోజు, మూడో రోజు సాయంత్రమే ఇది వస్తుంది. టోక్యో మనకన్నా మూడున్నర గంటలు ముందు, నిద్ర తప్పి, తిండి తప్పి, రోజంతా ఎవరితోనూ తెలుగు మాట్లాడకుండా నడిచిన ఒంటికి చీకటి పడగానే దిగులు కమ్ముకుంటుంది. వేడిగా ఏదన్నా తిని, ఇంటికి ఒక ఫోను చేసి, మర్నాడు ఒక్క చోటే చూడటం పెట్టుకుంటే చాలామందికి తేలిపోతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య మాచవరపు ఆదినారాయణ గారు ఒంటరిగా దేశదేశాలు తిరిగి రాసిన ‘భూభ్రమణ కాంక్ష’ దొరికితే చదవండి, ఒంటరి ప్రయాణం మనవాళ్లకి కొత్తేం కాదని తెలుస్తుంది. ఇంటికి వచ్చాక కూడా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు లేకపోయినా అది ప్రయాణం బడలిక కాదు, మానసిక వైద్యుల్ని కలవండి.

మా అమ్మాయి ఒక్కతే యూరప్ వెళ్తోంది. వద్దని చెప్పలేను, నిద్రా పట్టదు. ఏం చెయ్యాలి?
– ఓ తండ్రి, పెనుగంచిప్రోలు

మీ ఉత్తరం అన్నిటికన్నా కష్టమైనది, వెళ్లేవాళ్లకి చూడ్డానికి ఊరుంటుంది, ఇంట్లో ఉన్నవాళ్లకి ఫోనొక్కటే ఉంటుంది. వాదించకుండా మూడు అడగండి: ప్రతి రాత్రి ఏ హోటల్, బీమా నంబరు ఎంత, రోజూ ఏ వేళకి ఫోను. యూరప్ అంతటా 112 కొడితే పోలీసు, అంబులెన్సు పలుకుతాయని అమ్మాయికి తెలిసే ఉంటుంది, మీరూ రాసి పెట్టుకోండి. ఆయా దేశాల్లో మన రాయబార కార్యాలయం నంబర్లు కూడా. అనుకున్న వేళకి ఫోను రాకపోతే చార్జింగు అయిపోయి ఉంటుంది, లేదా సిగ్నల్ ఉండదు, ఆ పూటకి ఆగండి. మర్నాటికి కూడా ఫోను రాక, హోటల్ వాళ్లకీ తెలియకపోతే అప్పుడు రాయబార కార్యాలయానికి ఫోన్ చెయ్యండి, విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్లో కూడా పెట్టొచ్చు. ఇక మొదటి రోజు సంగతి: విమానం దిగినట్టు మీ ఫోన్లో చూపించాక కూడా గంటన్నర దాకా కబురు రాకపోవచ్చు. ఇమ్మిగ్రేషన్ వరుసలో నిలబడి ఉంటుంది, అక్కడ ఫోన్లు మాట్లాడనివ్వరు.