రీలు కెమెరానా? డిజిటల్ కెమెరానా?

హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు కాబట్టి, ఈ వార్షికోత్సవానికి ఒక కెమెరా కొనిద్దామని మేము కొందరం తలా కొంత వేసుకున్నాం. కొత్తది కొనే స్తోమత లేదు, పాతదే చూడాలి. "రీలు కెమెరా అగ్గువకు వస్తది, మళ్లీ దానికి మోజు కూడా పెరిగింది" అన్నారు కొందరు. "డిజిటలే మేలు" అన్నారు మిగతావారు. చివరికి మేము తెలుసుకున్నది మీకు కూడా పనికొస్తుందని రాస్తున్నాం.

మొదటిది ఖర్చు. కోడాక్ కేబీ-10 వంటి పాత ప్లాస్టిక్ కెమెరా తక్కువకే దొరకవచ్చు. కానీ 35 మి.మీ. రీలుకు వచ్చేవి 36 ఫోటోలే. రీలు, కడిగించడం, స్కానింగ్ కలిపి వెయ్యి రూపాయలు అనుకుంటే ఒక్కో ఫోటోకు దాదాపు 28 రూపాయలు. కళ్లు మూసిన ఫోటోకూ అదే ఖర్చు! డిజిటల్‌లో ఫోటోకు 4 ఎంబీ చొప్పున 4 జీబీ కార్డులో సుమారు వెయ్యి పడతాయి. తప్పు వస్తే చెరిపి మళ్లీ తీయవచ్చు. నేర్చుకునేవారికి ఇదే అనుకూలం.

రెండవది పనితనం. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి మన పిల్లలకు విమానం ఫోటో తీయాలని ఒకటే ఆశ. జూమ్ లేని కెమెరాలో విమానం చుక్కలా పడుతుంది. కాబట్టి ఆప్టికల్ జూమ్ ఎంత ఉందో చూడాలి. డిజిటల్ జూమ్ అంటే ఉన్న బొమ్మను కత్తిరించి పెద్దది చేయడమే. మెగాపిక్సెళ్ల అంకె చూసి మురిసిపోవద్దు. 6×4 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 1800×1200, అంటే 2.2 మెగాపిక్సెళ్లు చాలు. బ్యాటరీ, ఛార్జర్ పనిచేస్తున్నాయా, సులభంగా దొరికే ఎస్‌డీ కార్డు పడుతుందా అన్నవి ముఖ్యం.

రీలు వాడేవారికి ఒక హెచ్చరిక. విమానమెక్కేటప్పుడు కడగని రీలును లగేజీలో వేయకూడదు. సీటీ స్కానర్ దాన్ని పాడుచేస్తుంది. చేతితో తనిఖీ చేయమని అడగాలి.

మూడవది నిలవ. ఇక్కడే మా కళ్లు తెరుచుకున్నాయి. ఆఫీసు బీరువాలో పాత ఆల్బం తీసి చూశాం. రీలు కాలపు అన్నల ఫోటోలు రంగు వెలిసినా ముఖాలు గుర్తుపట్టేలా ఉన్నాయి. మా పదో తరగతి ఫోటోలు డిజిటల్‌లో తీసి, ఒకే కంప్యూటర్లో దాచారు. హార్డ్‌డిస్క్ పోయింది, ఒక్కటీ మిగల్లేదు. మాలో చాలామందికి ఆ వయసు ఫోటో హాల్ టికెట్ మీది ఒక్కటే. ఇంట్లో అమ్మకు చూపించడానికీ అదే.

తప్పు డిజిటల్‌ది కాదు, ప్రింటు తీయించుకోని మాది.

అందుకే డిజిటల్ కెమెరానే కొన్నాం. మిగిలిన డబ్బు ప్రింట్లకు పెట్టాం. ప్రతి బ్యాచ్ గ్రూపు ఫోటో ఆల్బంలో ఉండాలి, వెనుక పేర్లు, సంవత్సరం రాయాలి, కాపీలు రెండు వేర్వేరు చోట్ల ఉంచాలి. తమ్ముళ్లూ, కెమెరా మేమిచ్చాం. ఆల్బం నింపే బాధ్యత మీది.