పది నెలల బాబుకు పదహారు రోజులుగా విరేచనాలు

ప్రశ్న: మా బాబుకు పది నెలలు. పదహారు రోజులుగా విరేచనాలు తగ్గడం లేదు. ఇంట్లోనే చూసుకోవచ్చా?
- ఒక తల్లి, పత్తర్‌గట్టి

జవాబు: అమ్మా, పద్నాలుగు రోజులు దాటితే ఇంటి వైద్యం ఒక్కటే చాలదు. ముందు డాక్టరుకు చూపించి బరువు తూయించండి. నిలోఫర్ ఆసుపత్రి మీకు దూరం కాదు.

ఇంట్లో చేయాల్సిందీ ఉంది. ఓఆర్ఎస్ పొడి పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టండి. మిగిలింది 24 గంటల తర్వాత పారబోయాలి. ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తీపి పానీయాలు మాత్రం వద్దు. వాటిపై మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆ పానీయాలపై ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.

జింక్ రోజుకు 20 మి.గ్రా., 14 రోజులు. చనుపాలు ఆపొద్దు. కడుపు మాడ్చొద్దు, మెత్తని కిచిడీ, పెరుగన్నం పెట్టండి. విరేచనాలు కట్టే మందులు సొంతంగా వేయకండి.

మలంలో రక్తం పడినా, కళ్లు గుంటలు పడినా, ఆరు గంటలు మూత్రం రాకపోయినా, బాబు మగతగా ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.