పిడికెడు బియ్యం

చిట్టితల్లీ,

మొన్న ఫోనులో "ఆసుపత్రిలో నైట్ డ్యూటీలతో బైబిలు తెరిచి ఎన్నాళ్లయిందో అమ్మమ్మా, ప్రార్థనకని కూర్చుంటే నిద్ర ముంచుకొస్తోంది, దేవుడికి దూరమైపోతున్నానేమో" అన్నావు చూడు, అప్పుడు చిన్నబోయిన నీ గొంతే ఇంకా నా చెవుల్లో తిరుగుతోంది. ఫోనులో చెబితే "సరేలే" అనేస్తావు, ఉత్తరమైతే దాచుకుంటావని, పొద్దున్నే కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నాను.

మన పొయ్యి పక్కనుండే ముంత గుర్తుందా? ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి అందులో వేసేదాన్ని, ఆదివారం అది గుడికి తీసుకెళితే ఆరాధన అయ్యాక కోళ్లతో, సొరకాయలతో పాటు దాన్నీ వేలంపాట పెట్టేవాళ్లు. నీకు అయిదేళ్లప్పుడు ఆ పని నువ్వే చేస్తానని పేచీ పెట్టి, ఒక పిడికెడు వేసి, నీ చెయ్యి వంకా నా చెయ్యి వంకా చూసి, "నాది చిన్న పిడికిలి కదా, దేవుడికి తక్కువైపోతుంది" అంటూ ఇంకోటి వేశావు. ఆ రోజు నుంచి మనింట్లో లెక్క రెండు పిడికిళ్లే.

ఆ ముంత మా అమ్మది. మిరప కోతలకి పోయి, మంటెక్కిన చేతులతో ఇంటికొచ్చి, చాటలో ఉన్న కాసిని గింజల్లోంచే ముందు ఆ పిడికెడు తీసేది. బియ్యం లేని రోజున జొన్నలు వేసేది. "తిన్నాక మిగిలితే వేద్దాంలేమ్మా" అని నేనొకసారి ఆకలి మీద అన్నందుకు కోప్పడలేదు, నన్ను దగ్గరికి తీసుకుని, "మిగిలింది ఎవరికైనా పెడతాం, మొదటిది ఇంటివాళ్లకి పెడతాం, ఆయన మన ఇంటివాడే కదా" అంది. అమ్మకి చదువు రాదు తల్లీ. అయినా రోజుకి రెండుసార్లు, అన్నం వండిన ప్రతిసారీ, దేవుణ్ణి తలుచుకోకుండా ఆమె పొయ్యి వెలగలేదు.

మీ అమ్మ పుట్టిన గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి సంగతి కూడా చెప్పనీ. డాక్టర్ అన్నా కుగ్లరమ్మ 1883లో అమెరికా నుంచి వచ్చేనాటికి వైద్యం పని మొదలుపెట్టడానికి మిషన్ వాళ్లే సిద్ధంగా లేరట. ఆడపిల్లల బడులూ, ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు చదువు చెప్పే పనీ అప్పజెప్పారు. ఆమె ఆ పనీ చేస్తూనే, వచ్చిన రోగినల్లా చూస్తూ వచ్చింది. ఆసుపత్రి తెరిచింది 1898లో. మధ్యలోని ఆ పదిహేనేళ్లూ దేవుడికి దూరంగా గడిచాయని ఎవరంటారు? ఆమె రోజుకో పిడికెడు వేసుకుంటూ పోయిందనే నేననుకుంటాను.

నెహెమ్యా పుస్తకం రెండో అధ్యాయం ఎప్పుడైనా తీరిగ్గా చదువు. ఆయన రాజుకి గిన్నె అందించే ఉద్యోగి. నీకేం కావాలని రాజు అడిగితే, జవాబు చెప్పేలోపల, ఆ నిలబడ్డచోటే దేవుడికి ప్రార్థన చేసుకున్నాడు. ఎంతసేపు చేసి ఉంటాడు? నువ్వు ఒక మంచం దగ్గర్నుంచి ఇంకో మంచం దగ్గరికి వెళ్లేముందు చేతులు కడుక్కుంటావే, అంతసేపు. ఆ కాస్సేపూ దేవుడికివ్వు తల్లీ. నీళ్లు చేతుల మీద పడుతుండగా, ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళుతున్నావో ఆ మనిషి పేరు ఆయనకి చెప్పు. రాత్రికి ఎన్నిసార్లు కడుగుతావో అన్ని పిడికిళ్లు.

మొన్న అదే ఫోనులో, ఎవరూ తోడులేని ఒక ముసలాయనకి తెల్లారి తల దువ్వాననీ, ఆయన అద్దం అడిగి చూసుకుని నవ్వాడనీ ఏదో మామూలు సంగతిలా చెప్పావు. నేను ఫోను పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నాను. మత్తయి ఇరవై అయిదో అధ్యాయం తెలిసినదానివి, ఆ దువ్విన తల ఎవరిదో నీకు వేరే చెప్పాలా?

అలాగని బైబిలు మూసే ఉంచమని కాదు. డ్యూటీ లేని ఆదివారం గుడికి వెళ్లు, ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లు, నలుగురితో కలిసి గొంతెత్తి పాడు. నిద్రొస్తే మాత్రం భయపడకుండా పడుకో. చిన్నప్పుడు ప్రార్థన సగంలో నా ఒళ్లో నిద్రపోయేదానివి, మిగతా సగం నేను పూర్తిచేసేదాన్ని. ఇప్పుడూ అంతే.

ముంత పొయ్యి పక్కనే ఉంది. నీ వంతు రెండు పిడికిళ్లూ రోజూ నేనే వేస్తున్నాను. క్రిస్మస్‌కి సెలవు దొరికితే వచ్చి నీ చేత్తో వెయ్యి. డ్యూటీ దిగాక ఖాళీ కడుపుతో మాత్రం పడుకోకు.

నీ
అమ్మమ్మ